జూన్ మొక్కకు ఏప్రిల్‌లో నీళ్లెవరు పోస్తారు?

ప్రపంచ పర్యావరణ దినోత్సవం జూన్ 5న. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో బడులు తెరుచుకునేది మామూలుగా జూన్ 12న. పిల్లలకు ప్రకృతి గురించి చెప్పడానికి ఏడాదికోసారి వచ్చే పెద్ద పండగకు బడిలో పిల్లలే ఉండరన్నమాట. అయినా పండగ ఆగదు. ప్రధానోపాధ్యాయుడు, కబురందుకుని వచ్చిన ఒకరిద్దరు టీచర్లు, ఆ వీధిలోనే ఉండే నలుగురు పిల్లలు ఒక కానుగ మొక్క చుట్టూ చేరతారు. జానెడు మొక్కను పది చేతులు పట్టుకుంటాయి. ఫొటో తీసి పైకి పంపుతారు. బడులు తెరిచాక మళ్లీ నాటించమని ఉత్తర్వు వస్తే, అదే గుంతలో మళ్లీ నాటినా అడిగేవారుండరు.

ఆ మొక్కకు అసలు గండం ఏప్రిల్ ఆఖరులో మొదలవుతుంది. బడికి తాళం పడుతుంది. నలభై డిగ్రీలు దాటే ఎండలో ఏడు వారాలపాటు చెంబుడు నీళ్లు పోసే దిక్కుండదు. పది నెలలు పిల్లలు కాపాడుకున్న మొక్క, వాళ్లు అమ్మమ్మగారి ఊరికి వెళ్లిన పక్షం రోజులకే ఎండిపోతుంది. ప్రహరీ లేని బడి అయితే మేకలు అంతదాకా ఆగవు కూడా. ఇందులో టీచర్ల బద్ధకమేమీ లేదు. మొక్క ఎప్పుడు నాటాలో ఆ ఊరి వానను బట్టి, నీళ్లు ఎవరు పోయాలో ఆ బడి సెలవులను బట్టి తేలాలి. మన దగ్గర మాత్రం ఐక్యరాజ్యసమితి క్యాలెండర్‌ను బట్టి తేలుతోంది. పర్యావరణ విద్యకు పట్టిన తెగులంతా ఈ చిన్న సంగతిలోనే ఉంది. దానికి ఊరితో సంబంధం లేదు, ఫలితంతో పని లేదు.

చట్టం వైపు నుంచి వెలితి లేదు. ఎం.సి.మెహతా వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1991 నవంబరు 22న తీర్పు చెబుతూ, బడుల్లోనూ కాలేజీల్లోనూ పర్యావరణాన్ని తప్పనిసరి పాఠ్యాంశం చేయమంది. సినిమా హాళ్లలో ఆట మొదలయ్యే ముందు స్లైడ్లు వేయమన్నదీ ఆ తీర్పే. 2001-02లో కేంద్రం నేషనల్ గ్రీన్ కోర్ పేరుతో ఎకో క్లబ్బులు పెట్టించింది. దేశంలో లక్షకు పైగా బడుల్లో అవి ఏర్పడ్డాయి. ఒక్కో క్లబ్బుకు ఏడాదికి ఒకప్పుడు రూ.2,500, తర్వాత రూ.5,000 ఇచ్చారు. చిన్న తరగతుల్లో పరిసరాల విజ్ఞానం ఉంది. హైస్కూలు పిల్లలకు పర్యావరణ విద్య అని వేరే పుస్తకమే అచ్చయింది. ఆరు నుంచి ఎనిమిది తరగతుల మధ్య ఎప్పుడో ఒకసారి పిల్లలను పది రోజులు పుస్తకాల సంచి లేకుండా బయటి పనుల్లోకి పంపమని జాతీయ విద్యా విధానం-2020 చెబుతోంది. పదో తరగతి దగ్గరికి వచ్చేసరికి ఆ పర్యావరణ పీరియడ్ లెక్కల మాస్టారి అదనపు క్లాసుగా మారిపోతుందన్నది అందరికీ తెలిసిన రహస్యం. దానికి మాస్టారిని తప్పుపట్టలేం. లెక్కల్లో మార్కులు తగ్గితే అడుగుతారు, చెరువులో నీళ్లు తగ్గితే బడిని ఎవరూ అడగరు.

పిల్లలు పర్యావరణం పేరుతో చేసే పని ఇంకెవరికీ అక్కర్లేదు. వాళ్లు గీసిన పోస్టరు గోడకు, రాసిన వ్యాసం కట్టలోకి పోతాయి. అవి లేకపోతే ఊళ్లో ఏ పనీ ఆగదు. అక్కరకు రాని పని ఎవరైనా ఎంత శ్రద్ధగా చేస్తారో పిల్లలూ అంతే శ్రద్ధగా చేస్తారు. ఈ పరిస్థితి మారాలంటే పిల్లలు రాసే లెక్క ఊరికి కావలసిన లెక్క కావాలి. అలాంటి లెక్కలకు మన ఊళ్లలో కొదవ లేదు.

శ్రీకాకుళం జిల్లానే తీసుకుందాం. టెక్కలి దగ్గర తేలినీలాపురంలో చలికాలమంతా గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు చెట్ల నిండా గూళ్లు పెట్టి పిల్లలను లేపుతాయి. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచికి వానలతోపాటే నత్తగుల్ల కొంగలు దిగుతాయి. పక్షులు వస్తే వానలు, పంటలు బాగుంటాయని, రాకపోతే ఊరికి మంచిది కాదని అక్కడి పెద్దల నమ్మకం. రెట్టల వాసన, గూళ్ల నుంచి జారిపడిన చేపల కంపు నెలల తరబడి ఓర్చుకుంటూ, రాయి విసిరిన వాణ్ని కసిరి పంపుతూ ఆ ఊళ్లు పక్షులను కాపాడుకొచ్చాయి. ఎకో క్లబ్బులు పుట్టకముందు నుంచీ ఇదే వరస. పరిరక్షణ అనే మాట వినకుండానే ఆ పని చేసిన ఊళ్లవి.

అలాంటి ఊళ్ల గురించి మన పత్రికలు, టీవీలు ఏటా చెప్పే మాట ‘సైబీరియా అతిథులు వచ్చేశాయి’. గూడబాతుకు సైబీరియాతో ఏ చుట్టరికమూ లేదు. అది మన దక్షిణాదిన, శ్రీలంకలో, కంబోడియాలో గూడు కట్టే పక్షి. ఎర్రకాళ్ల కొంగ, నత్తగుల్ల కొంగ కూడా ఈ గడ్డవే. తిండి ఉన్నచోటికి, నీరున్నచోటికి తిరుగుతుంటాయి, అంతే. హిమాలయాలు దాటి వచ్చే బాతులు వేరే ఉన్నాయి. ఇదేదో పేరు పట్టింపు అనుకోవద్దు. దూరదేశపు అతిథి అనుకుంటే ఆ ఆరు నెలల మర్యాద సరిపోతుంది. ఇక్కడి పక్షే అని తెలిస్తే మిగతా ఆరు నెలలు ఎక్కడుంటుంది, ఏ మడుగులో తింటుంది, మనం పూడ్చిన కుంట దానిదేనా అనే ప్రశ్నలు వస్తాయి. ఆ ప్రశ్నలు రావాల్సింది పిల్లలకే. తప్పు పాఠం నేర్పి వాళ్ల దగ్గర ఆ దారి మనమే మూసేస్తున్నాం.

నత్తగుల్ల కొంగ ముక్కు ఒక్కటి చాలు, ఆరో తరగతికి నెల రోజుల పాఠం. ముక్కు మూసినా మధ్యలో సందు కనిపిస్తుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్లకు ఆ సందు ఉండదు, పెరిగేకొద్దీ ఏర్పడుతుంది. గుల్లను పగలగొట్టకుండా, కింది ముక్కు మొనను లోపలికి పోనిచ్చి కండను తెంచి లాగేస్తుంది. పొలం గట్టు మీద అది వదిలేసిన గుల్లలను ఏరి చూస్తే చాలావాటికి పెద్ద పగులే ఉండదు. ఎన్ని గుల్లలు ఏ మడిలో దొరికాయో, ఆ మడికి రైతు ఏ మందు కొట్టాడో పక్కపక్కన రాసి చూస్తే పిల్లలకు సైన్సు, ఊరికి సమాచారం ఒకేసారి అందుతాయి. ఇందుకు మైక్రోస్కోపు అక్కర్లేదు, బస్సు అక్కర్లేదు. నోటుపుస్తకం, మోకాలిదాకా మడిచిన లాగు చాలు.

అలాంటి రాత ఉంటే ఏం ఒరుగుతుందో రెండు సంఘటనలు చెబుతాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఈ జిల్లా మీద విరుచుకుపడినప్పుడు పక్షులు గూళ్లు కట్టే చెట్లు చాలా నేలకూలాయి. మళ్లీ నాటాలంటే ఏ జాతి చెట్టు మీద ఎన్ని గూళ్లుండేవో, పక్షులు ఏ ఎత్తును ఇష్టపడేవో తెలియాలి. 2021-22 చలికాలంలో తేలినీలాపురం పరిసరాల్లో గూడబాతులు పెద్ద సంఖ్యలో చనిపోయాయి. తిన్న చేపల ద్వారా కడుపులో చేరిన నులిపురుగుల మీదికి అనుమానం పోయింది. మొదటి పక్షి ఏ రోజు చనిపోయింది, అంతకు ముందు వారం మంద ఏ చెరువు వైపు ఎగిరేది అన్నది పశువైద్యుడికి అవసరమైన సమాచారం. రోజూ ఆ చెట్ల కిందినుంచే బడికి నడిచి వెళ్లే పిల్లలకు మించి అది చూడగలిగేవారెవరు? చూసినదాన్ని తేదీ వేసి రాయాలని చెప్పినవారు ఉండాలి, రాసినదాన్ని అడిగేవారు ఉండాలి.

ఆ ఊళ్లకు భిన్నంగా, ఊరిని పక్కనపెట్టి చేసిన పరిరక్షణ ఎలా బెడిసికొడుతుందో తెలియాలంటే నంద్యాల జిల్లా రోళ్లపాడు వెళ్లాలి. బట్టమేక పక్షి కోసం 1988లో అక్కడ అభయారణ్యం ప్రకటించారు. రక్షణ దొరికి కృష్ణజింకలు పెరిగాయి. అవి చేలమీద పడ్డాయి. నష్టపోయిన రైతుకు సరైన సమాధానం చెప్పినవారు లేరు. దాంతో జింక మీద కోపం పక్షి మీదికి, అటవీ శాఖ మీదికి మళ్లింది. గడ్డి భూములూ చేలుగా మారుతూ పోయాయి. చివరకు పేరు పెట్టుకున్న పక్షే అక్కడ కనుమరుగైంది.

మాట నీళ్ల మీదికి మళ్లిస్తాను. ఈ వ్యాసానికి అసలు దన్ను అక్కడే ఉంది. ఉమ్మడి రాష్ట్రంలోని ఏడు కరవు జిల్లాల్లో 2003 నుంచి కొన్నేళ్లపాటు రైతులే భూగర్భ జలాల లెక్క చూసుకునే పథకం ఒకటి నడిచింది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో స్వచ్ఛంద సంస్థలు నడిపించాయి. ఏపీఫామ్‌గ్స్ అని పిలిచేవారు. వందలాది పల్లెల్లో రైతులు, అందులో బడి మొహం చూడని ఆడవాళ్లు కూడా, రోజూ వానను కొలిచారు, పక్షానికోసారి బోర్లలో నీటిమట్టం కొలిచారు. సుమారు రెండు వేల బావులు, బోర్ల లెక్క ఇలా నడిచింది. మోటారు నడుస్తున్నప్పుడు కొలిస్తే తప్పు లెక్క వస్తుందని, ఆపి మట్టం కుదురుకునేదాకా ఆగాలని వాళ్లకు అనుభవం మీద తెలిసింది. రబీ ముందు ఊరంతా ఒకచోట చేరేవారు. ఖరీఫ్ వానలకు భూమిలోకి ఇంకిన నీళ్లెన్ని, ఇప్పుడు వేద్దామనుకుంటున్న పంటలకు కావాల్సినవెన్ని అని గోడ మీద పెద్ద అంకెలతో వేసేవారు. వరి మానమని ఎవరూ ఎవరికీ ఆజ్ఞ ఇవ్వలేదు. లోటు అంకె కళ్లెదుట ఉంటే ఎకరం వరి వేద్దామనుకున్నవాడు తనంతట తానే అరెకరానికి దిగేవాడు. మిగతాది వేరుశనగో పప్పుశనగో అయ్యేది. ప్రపంచ బ్యాంకు 2010లో భూగర్భ జలాల మీద వెలువరించిన నివేదికలోనూ ఈ ప్రయత్నానికి చోటు దక్కింది.

పథకం డబ్బు ఆగిపోయాక ఇలాంటివన్నీ ఎలా చల్లబడతాయో అలాగే చల్లబడింది. నా బాధ అది కాదు. ఆ పల్లెల్లో ప్రతిదానిలో బడి ఉంది. వానమాపకం బడి ఆవరణలో ఉండి, రాత ఏడో తరగతి చేతిలో ఉండి ఉంటే పథకం పోయినా రాత ఆగేది కాదు. బడికి ప్రాజెక్టు గడువు ఉండదు కదా.

వాన లెక్క ఎంత సులువో చెప్పాలి. ఒక మిల్లీమీటరు వానంటే చదరపు మీటరు మీద లీటరు నీళ్లు. వంద చదరపు మీటర్ల బడి డాబా మీద మిల్లీమీటరు కురిస్తే వంద లీటర్లు. అనంతపురం లాంటి చోట ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లే కురుస్తుందనుకున్నా, ఆ డాబా మీద పడేది 55 వేల లీటర్లు. అందులో సగం పోయినా, పట్టుకున్న నీళ్లు ఏప్రిల్ మొక్కలకు ఎన్ని రోజులొస్తాయన్నది ఆరో తరగతి గుణకారం, భాగహారం. మండలానికి ఒకటో రెండో వాతావరణ కేంద్రాలున్నాయి. కానీ పొలిమేర ఇటు కురిసిన వాన అటు కురవదని రైతుకు తెలుసు. పంటల బీమా దగ్గర గొడవపడేదీ ఈ తేడా మీదే. ఊరూరా బడి వానమాపకం ఉంటే ఆ గొడవలో కనీసం ఒక సాక్ష్యం ఉంటుంది. ఒక్క జాగ్రత్త. ఒరల్లేని బావుల దగ్గరికి పిల్లలను పంపకూడదు. నీటిమట్టానికి మూతున్న బోర్లు, భూగర్భ జల శాఖ పరిశీలన బోర్లు చాలు, అదీ పెద్దవాళ్లు పక్కన ఉండగా.

ఇలా రాసినవాటికి చట్టంలో ఒక ఇల్లు ఇప్పటికే కట్టి ఉంది. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థలో ఒక జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి, అది ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు రాయాలి. ఊళ్లోని పంటలు, పశువులు, చేపలు, మందు మొక్కలు, వాటి గురించి ఎవరికేం తెలుసు అన్నదంతా అందులోకి ఎక్కాలి. పద్నాలుగేళ్లు గడిచినా, 2016 నాటికి దేశమంతటా పదివేల కమిటీలైనా లేవు. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2020 జనవరి 31ని గడువుగా పెట్టి, దాటితే రాష్ట్రానికి నెలకు పది లక్షలు కట్టాలనేసరికి పరుగు మొదలైంది. ఇప్పుడు కాగితం మీద రెండున్నర లక్షలకు పైగా కమిటీలు, దాదాపు అన్నే రిజిస్టర్లు. గడువు కోసం రాసిన పుస్తకం ఎలా ఉంటుందో ఊహించడం కష్టం కాదు. మీ ఊరి రిజిస్టరు ఎక్కడుందో పంచాయతీ కార్యాలయంలో అడిగి చూడండి.

ఆ పుస్తకానికి విలువ లేదనుకుంటే పొరపాటు. పాత మహబూబ్‌నగర్ జిల్లా అమరచింత నుంచి రెండు టన్నుల ఎండు వేపాకు జపాన్‌కు ఎగుమతి అయినప్పుడు, ఎగుమతి చేసిన సంస్థ జాతీయ జీవవైవిధ్య సంస్థకు రూ.55,035 రాయల్టీ కట్టింది. అందులో కొంత ఆ ఊరి కమిటీకే వచ్చింది, వేప మొక్కలు నాటడానికి. సొమ్ము చిన్నదే. వేపాకు మీద ఊరికి హక్కు ఉందని కాగితం మీద తేలడం చిన్నది కాదు.

రిజిస్టరులోకి ఎక్కాల్సిన సంగతులు అధికారి దగ్గర ఉండవు. 1900 తర్వాత ఎవరికీ కనిపించలేదనుకున్న కలివికోడి 1986లో కడప జిల్లాలో మళ్లీ దొరికింది. దాన్ని చేతిలో పట్టుకుని చూపించింది బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ శాస్త్రవేత్త కాదు, పిట్టలు పట్టే ఐతన్న. కలివి పొదల్లో తిరిగే ఆ పక్షి స్థానికులకు ఎప్పుడూ అంతరించిపోలేదు. ఇలాంటి జ్ఞానం ఇంకా మిగిలుంది, ముసలివాళ్ల దగ్గర. గురుగు, గునుగు, చెంచలి ఆకులు ఏ చేలో ఏ నెలలో దొరుకుతాయో నాయనమ్మకు తెలుసు. చెరువులో ఒకప్పుడు బొమ్మిడాయిలు, పరిగెలు, కొరమేనులు ఎన్ని పడేవో వల వేసిన తాతకు తెలుసు. వాళ్లను కూర్చోబెట్టి అడిగే తీరిక కన్సల్టెంటుకు లేదు, మనవడికి ఉంది. తెలుగు మాస్టారికి ఇంతకన్నా మంచి వ్యాస రచన అంశం దొరకదు. జహీరాబాద్ దగ్గర మాచనూరులో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ నడిపిన పచ్చసాలె ఇలాంటి చదువునే నమ్ముకుంది. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ పాఠశాల తన లోయను పచ్చగా మార్చుకుని 1991లో పక్షుల రక్షిత ప్రాంతంగా ప్రకటింపజేసుకుంది. వాటిని చూపించి ప్రభుత్వ బడి టీచర్ను సిగ్గుపడమనడం మాత్రం అన్యాయం. వాళ్లకున్న స్వేచ్ఛ ఈయనకు లేదు.

ఆ మాటకొస్తే టీచర్ల మొదటి అభ్యంతరం న్యాయమైనదే. హాజరుకు యాప్, గుడ్లకు యాప్ అని అల్లాడుతున్న వాళ్ల నెత్తిన ఇంకో రిజిస్టరా అంటారు. అందుకే చేర్చడం కన్నా తీసేయడం ముందు జరగాలి. ఏటా వచ్చే పర్యావరణ ‘దినాల’ ఫొటోలు, నివేదికలు రద్దు చేసి, వాటి స్థానంలో ఒకే ఒక్క దీర్ఘకాలపు లెక్కను బడే ఎంచుకోనివ్వాలి. సముద్రపు ఒడ్డు బడికి జనవరి నుంచి ఏప్రిల్ దాకా గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లే తాబేళ్లు, కోరంగి పక్కన బడికి మడ మొక్కలు, హైదరాబాద్ బస్తీ బడికి మురుగు కలిసే నాలా. వానమాపకం మాత్రం అందరికీ. మార్కులు పర్యావరణం పేరుతో వేరే వద్దు. ఈ లెక్కలనే గణితం, సైన్సు ప్రాజెక్టులుగా తీసుకుంటే సరిపోతుంది.

రెండో అభ్యంతరం ఎవరూ పైకి అనరు. మొక్క నాటితే ఎవరికీ కోపం రాదు. అందుకే మనకు మొక్క అంత ఇష్టం. లెక్క అలా కాదు. రొయ్యల చెరువుల పక్క ఊళ్లో బడి పిల్లలు చేతిపంపు నీళ్ల ఉప్పదనాన్ని మూడేళ్లు వరుసగా రాస్తే, ఆ కాగితం ఎవరినో ఒకరిని ఇబ్బంది పెడుతుంది. చెరువు శిఖం ఎంత తగ్గిందో నడిచి కొలిస్తే ఇంకొకరిని. ఆ ఇబ్బంది పడేవారు చాలాచోట్ల బడి కమిటీలోనో, పంచాయతీలోనో ఉంటారు. రేపు బదిలీ వేటు పడేది టీచరు మీద. కాబట్టి పిల్లల లెక్కలో అంకెలు, తేదీలే ఉండాలి, ఎవరి పేరూ ఉండకూడదు. అది టీచరు ఫిర్యాదుగా కాక పంచాయతీ రికార్డుగా గ్రామసభ ముందుకు రావాలి. ఏడాదికి ఒక గ్రామసభలో పది నిమిషాలు పిల్లలు చదివి వినిపించే వీలుండాలి. ఇందుకు కొత్త చట్టం అక్కర్లేదు, విద్యాశాఖ, పంచాయతీరాజ్ శాఖ కలిసి ఇచ్చే ఒక ఉత్తర్వు చాలు. వేసవిలో మొక్కలకు నీళ్లు పోసే మనిషికి కూలీ కూడా అందులోనే రాయొచ్చు. నాటడానికి దొరికే డబ్బు నీళ్లు పోయడానికి దొరకకపోవడం విడ్డూరం కాక మరేమిటి.

ఇక మిగిలిన చిక్కు బదిలీలు. మనసు పెట్టిన మాస్టారు వెళ్లిపోతే ఆయన పెట్టిన క్లబ్బూ వెళ్లిపోతుంది. ఎన్నో మంచి ప్రయత్నాలు అలాగే ముగిశాయి. రిజిస్టరుకు రెండు ప్రతులు ఉండి, ఒకటి బడి బీరువాలో, ఒకటి జీవవైవిధ్య కమిటీ దగ్గర ఉంటే, ఏటా ఏడో తరగతి నుంచి ఆరో తరగతికి అప్పగింత జరుగుతుంటే కొత్త టీచరు వచ్చేసరికి పని నడుస్తూనే ఉంటుంది. ఆయనకు పిల్లలే చూపిస్తారు, వాన కొలపాత్ర ఎక్కడుందో, పొద్దున ఎనిమిదిన్నరకే ఎందుకు చూడాలో.